చావు తప్పితే చాలా?

మామయ్య ఏపీఎస్పీ బెటాలియన్‌లో రిజర్వ్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. అమ్మాయి ఆయన అక్క కూతురు, ఒక తెలుగు దినపత్రిక డెస్కులో సబ్‌ఎడిటరు. ఏజెన్సీ వార్తల్లో ఆయుధాల ముందు వచ్చే 'నాన్ లీథల్' అనే విశేషణాన్ని 'ప్రాణాంతకం కాని' అని తెలుగు చేసి వెయ్యడం ఇక మానేద్దామని ఆమె డెస్కులో పట్టుబట్టింది. ఆ సంగతి మామయ్య చెవిన పడింది. నేను ఎవరి పక్షమూ కాదని బుకాయించను, చదువుతుంటే ఎలాగూ తెలిసిపోతుంది.

మామయ్య: పోలీసు దగ్గర ఉన్న మంచిమాట ఒక్కటే ఒక్కటి. దాన్ని కూడా ఉండనివ్వవుటే?

అమ్మాయి: మాట మంచిదే మామయ్యా, వార్తలో నిలబడటం లేదు. మొదటి పేరాలో ప్రాణాంతకం కాని ఆయుధాలు వాడారని ఉంటుంది. మూడో పేరాలో ఇద్దరు చనిపోయారని ఉంటుంది. రెండూ నేనే దిద్ది పేజీకి పంపాలి. అందుకే రబ్బరు తూటా అయితే రబ్బరు తూటా అని, పెల్లెట్ అయితే పెల్లెట్ అని వస్తువు పేరు రాద్దామన్నాను. చంపదని దాని మీద ఎవరో అంటించిన చీటీ మనమెందుకు మొయ్యాలి?

మామయ్య: చీటీ అంటావేంటి? అది వాడేవాడి ఉద్దేశం. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో ఏమైంది? కరెంటు ఛార్జీల పెంపు మీద జనం అసెంబ్లీ వైపు కదిలారు. లాఠీలయ్యాయి, నీటి ఫిరంగులయ్యాయి, బాష్పవాయువయింది. ఇక చేతిలో మిగిలింది తుపాకీ. ముగ్గురు పోయారు. 2007 జులై 28న ముదిగొండలో భూమి అడిగినవాళ్ల మీదా తూటాలే. లాఠీకీ తూటాకీ మధ్య ఉన్నది చాలకపోతే ఏమవుతుందో ఆ రెండు చోట్లా చూశాం. ఆ మధ్యలో పెట్టిన సరుకు పేరే నాన్ లీథల్. ఆ పేరు చెరిపేశావంటే మమ్మల్ని మళ్లీ తూటా దగ్గరికి పంపుతున్నట్టే.

అమ్మాయి: మధ్యలో ఏమీ ఉండొద్దని నేనెక్కడన్నాను? పేరు పెట్టినవాళ్లే దాని గురించి ఏం రాసుకున్నారో విను. అమెరికా రక్షణ శాఖ 1996 జులైలో ఈ ఆయుధాల మీద ఒక విధాన పత్రం ఇచ్చింది. మనుషుల్నీ సామగ్రినీ పనిచెయ్యకుండా ఆపుతూ, చావులూ శాశ్వత గాయాలూ వీలైనంత తగ్గేలా తయారుచేసినవి నాన్ లీథల్ ఆయుధాలని అందులో నిర్వచనం. అదే పత్రంలో ఇంకో మాట కూడా ఉంది. వీటివల్ల చావు వచ్చే అవకాశం సున్నా కానక్కర్లేదట. పేరేమో చంపదంటుంది, లోపలి కాగితమేమో చంపినా చంపొచ్చంటుంది.

మామయ్య: సున్నా అని ఎవరన్నారు? జ్వరం బిళ్ల కూడా ఒకడికి వికటిస్తుంది. అంతమాత్రాన దాన్ని విషమని రాస్తారా?

అమ్మాయి: రాయం. కానీ బిళ్లతోపాటు ఎన్ని పూటలు, ఎంత మోతాదు అనేది రాస్తారు కదా. లీథల్ అనే మాటకి శాస్త్రంలో ఉన్న అర్థం కూడా అలాంటిదే. 1927లో ట్రెవన్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు ఒక కొలత తెచ్చాడు. ప్రయోగానికి పెట్టిన జంతువుల్లో సగం చచ్చిపోయే మోతాదుని ఎల్‌డీ 50 అంటారు. అందులో ఎల్ అంటే లీథల్. అక్కడ ఆ విశేషణం మోతాదుకి తగిలిస్తారు, పదార్థానికి తగిలించరు. సయనైడుకీ ఎల్‌డీ 50 ఉంది, మనం తినే ఉప్పుకీ ఉంది. ఆయుధాల దగ్గరికొచ్చేసరికి మోతాదు మాయమై విశేషణం నేరుగా వస్తువుకి అతుక్కుపోయింది. ఎంత దూరం నుంచి కొట్టారు, ఒంట్లో ఎక్కడ తగిలింది, తగిలినవాడి వయసెంత, ఇవేవీ లేకుండానే చంపదని తేల్చేశారు.

మామయ్య: మీ స్పోర్ట్స్ పేజీ వాళ్లు లీథల్ యార్కర్ అంటారు. దానికెవడు చచ్చాడు? మాటని ఇంత తూకం వేస్తూ కూర్చుంటే రేపటి పేపరు ఎల్లుండి వస్తుంది.

అమ్మాయి: యార్కర్‌కి పోయేది వికెట్ అని అందరికీ తెలుసు. అక్కడ ఎవరూ మోసపోరు. ఆ మాటకొస్తే లీథల్ స్పెల్లింగే ఒక పొరపాటు. లాటిన్‌లో చావుని లేటుమ్ అంటారు. దానికి గ్రీకు పురాణాల్లోని లీథీ అనే మరుపు నదితో చుట్టరికం ఉందనుకుని నడుమ ఒక హెచ్ ఇరికించారు.

మామయ్య: నదులూ పురాణాలూ నాకెందుకు గానీ, దూరం సంగతి ఎత్తావు కాబట్టి చెబుతాను. అది మాకు డ్రిల్లులోనే నేర్పుతారు. గ్యాస్ గన్‌తో బాష్పవాయు గుండు మనిషికి గురిపెట్టి కొట్టకూడదు, ఎత్తి కొట్టాలి. గాలి వాటం చూసుకోవాలి. మూసిన చోట వెయ్యకూడదు. గుంపు పారిపోవడానికి ఒక దారి వదలాలి. గ్వాలియర్ దగ్గర టేకన్‌పూర్‌లో బీఎస్ఎఫ్ వాళ్ల యూనిట్ నుంచి గుండ్లు వస్తాయి, వాటి మీద గడువు తేదీ చూసుకోవాలి. ఇన్ని షరతులు ఎందుకు? చంపకూడని ఆయుధమని పేరు పెట్టారు కాబట్టి. ఆ పేరే కానిస్టేబుల్‌కి ఆర్డరు. దాన్ని తీసేస్తే షరతులు దేని మీద నిలబెడతావు?

అమ్మాయి: షరతులు తప్పితే పేరు ఎవర్ని కాపాడింది? 2013 ఆగస్టు 18న కైరో శివార్లలో అబూ జాబల్ జైలుకి తీసుకెళ్లిన ఖైదీల వ్యాన్‌లోకి బాష్పవాయువు వదిలారు. 37 మంది ఊపిరాడక చచ్చిపోయారు. ఉత్తర ఐర్లండ్ సంగతి ఇంకా పాతది. 1970లో బ్రిటిష్ సైన్యం అక్కడికి రబ్బరు తూటా తెచ్చింది. హాంకాంగ్‌లో వాడిన కొయ్య గుళ్ల నుంచి పుట్టిన ఆలోచన అది. నేలకేసి కొడితే ఎగిరి కాళ్లకి తగలాలని నియమం. వాళ్లు దానికి పెట్టిన అధికారిక పేరులో తూటా అనే మాటే లేదు. బేటన్ రౌండ్ అన్నారు. మన భాషలో లాఠీ గుండు. రబ్బరువీ, ఆ తర్వాత వచ్చిన ప్లాస్టిక్‌వీ కలిసి 17 మందిని చంపాయి. అందులో ఎనిమిది మంది పిల్లలు. పెద్దవాడి నడుం ఎత్తులో వెళ్లే గుండు పదేళ్లవాడికి ఎక్కడ తగులుతుందో నువ్వే ఊహించు.

మామయ్య: పదిహేడు అన్నావు. మొత్తం పేల్చినవెన్నో అనలేదే? లక్షకు పైగా. అక్కడి ముప్పై ఏళ్ల గొడవల్లో అన్ని వైపులా కలిపి పోయింది దాదాపు మూడున్నర వేలమంది. లక్ష లాఠీ గుండ్లకి పదిహేడు చావులు. అదే లక్ష రైఫిల్ తూటాలయితే? లెక్క నువ్వే చెయ్యి.

అమ్మాయి: రైఫిలయితే లక్షసార్లు పేల్చనిచ్చేవాళ్లా మామయ్యా? ఒక్కో తూటాకీ ఖాళీ కేసు ఏరి అప్పజెప్పాలని, తక్కువైతే నిద్రపట్టదని నువ్వే చెప్పేవాడివి. చంపదన్న ధైర్యంతోనే కదా లక్ష పేలాయి. నీ లెక్కలో లక్ష అనే అంకె ఆ విశేషణం పుట్టించినదే.

(మామయ్య ఇక్కడ కాసేపు ఏమీ అనలేదు. ఈ వాదనకి ఇరుసు ఇక్కడుందని నాకనిపించింది. ఒక్కో దెబ్బకి ప్రమాదం తగ్గించి, దెబ్బల సంఖ్య పెంచే మాట ఇది. రెండూ గుణించి చూసినప్పుడు ఏది మిగులుతుందన్నది ఊరిని బట్టి, అధికారిని బట్టి మారుతుంది.)

మామయ్య: సరే, కశ్మీర్ తీసుకో. 2010 వేసవిలో అక్కడ కాల్పుల్లో వందమందికి పైగా పోయారు. ఆ చావులు ఆపుదామనే పెల్లెట్ గన్ తెచ్చారు. 2016లో అది ఆపాలని హైకోర్టులో కేసు పడితే సీఆర్‌పీఎఫ్ ఏం చెప్పింది? ఇది తీసేస్తే మా జవాన్లు రైఫిళ్లు పేల్చాల్సి వస్తుంది, చావులు పెరుగుతాయి అని అఫిడవిట్‌లో రాసింది. నేనయినా అదే రాసేవాణ్ణి.

అమ్మాయి: అదే అఫిడవిట్‌లో ఇంకా ఉంది. 32 రోజుల్లో 13 లక్షల పెల్లెట్లు వాడామన్నారు. నడుం కిందికే గురిపెట్టాలని నియమం ఉన్నా, పరిగెత్తేవాళ్లూ వంగేవాళ్లూ ఉన్నచోట అది కుదరడం కష్టమని కూడా వాళ్లే ఒప్పుకున్నారు. కుదురుతుందా మరి? అది పన్నెండు బోర్ తుపాకీ. పిట్టల్ని కొట్టే సరుకు. ఒక్క కాట్రిడ్జ్‌లో వందల సీసపు గుళ్లు. బయటికొచ్చాక గొడుగులా విచ్చుకుంటాయి. రాయి విసిరినవాడు, పక్కన నిలబడ్డవాడు, కిటికీలోంచి చూస్తున్న పిల్ల, అందరికీ తలా కొన్ని. మన తెలుగులో చావు తప్పి కన్ను లొట్టబోయిందని సామెతగా అంటాం, నవ్వుతూ అంటాం. శ్రీనగర్ ఆస్పత్రిలో ఆ ఏడాది కంటి వార్డు నిండా ఆ సామెతే పడుకుంది. వందలమంది. అప్పటి సీఆర్‌పీఎఫ్ డైరెక్టర్ జనరల్ కె. దుర్గాప్రసాద్, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కేడర్ నుంచి వెళ్లినాయన, ఆ గాయాలకు విచారం చెప్పాల్సి వచ్చింది.

మామయ్య: విచారం చెప్పారు, తుపాకీ మాత్రం ఆపలేదు. ఎందుకంటే కన్ను పోయినవాడు ఇంటికెళతాడు. తూటా తగిలినవాడు వెళ్లడు. కటువుగా ఉందేమో గానీ నిజం.

అమ్మాయి: ఆ నిజాన్ని యుద్ధంలోనే ఒప్పుకోలేదు మామయ్యా. కళ్లు శాశ్వతంగా పోగొట్టడానికి తయారుచేసిన లేజర్ ఆయుధాల్ని 1995లో వియన్నాలో నిషేధించారు. అవి ఇంకా యుద్ధభూమికి చేరకముందే ఆపారు. మన దేశం కూడా ఆ ఒప్పందంలో ఉంది. ఆ లేజర్ ఒక్కణ్ణీ చంపదు. నీ విశేషణం దానికి నూటికి నూరు పాళ్లూ సరిపోతుంది. అయినా శత్రు సైనికుడి మీద కూడా వాడకూడదన్నారు. అంటే గుడ్డివాణ్ణి చెయ్యడం చంపడంకన్నా తక్కువ తప్పని ప్రపంచం అనుకోలేదు. నాన్ లీథల్ అనగానే చావొక్కటే కొలబద్ద అయిపోతుంది. ఆ గీతకి ఇవతల ఏం జరిగినా పర్వాలేదన్నట్టు ఉంటుంది.

మామయ్య: ఒప్పందాల మాట నాకూ తెలుసు. బాష్పవాయువుని యుద్ధంలో వాడకూడదని 1993 రసాయన ఆయుధాల ఒప్పందంలో ఉంది, పోలీసు పనికి వాడుకోవచ్చని కూడా అందులోనే ఉంది. యుద్ధంలో ఒకడు గ్యాస్ వదిలితే అవతలివాడు విషవాయువనుకుని ఇంకా పెద్దది వదులుతాడు. వీధిలో ఆ భయం లేదు. అక్కడికీ ఇక్కడికీ పోలిక పెట్టకు.

అమ్మాయి: మాస్కోలో ఆ రెండూ కలిసిపోయాయి కదా. 2002 అక్టోబరులో దుబ్రోవ్కా థియేటర్‌లో చెచెన్ సాయుధులు 800 మందికి పైగా ప్రేక్షకుల్ని బందీలుగా పట్టారు. ఒంటికి బాంబులు కట్టుకుని కూర్చున్నారు. నాలుగో రోజు తెల్లవారకుండా రష్యా బలగాలు గాలి గొట్టాల్లోంచి మత్తు వాయువు వదిలాయి. అది ఫెంటానిల్ జాతిది. దాదాపు 130 మంది బందీలు చనిపోయారు. వాళ్లలో దాదాపు అందరినీ చంపింది సాయుధుల తూటా కాదు, ఆ వాయువే. తర్వాత ఆరోగ్య మంత్రి వచ్చి ఈ పదార్థం తనంతట తాను ప్రాణాంతకం కాదన్నాడు. రోజుల తరబడి తిండీ కదలికా లేక బందీలు నీరసపడ్డారు, అందుకే పోయారన్నాడు. నీ విశేషణాన్ని ఇంతకన్నా నమ్మకంగా వాడినవాళ్లు ఉండరు.

మామయ్య: మిగిలిన ఏడువందల మంది సంగతి చెప్పవేం? ఆ బాంబులు పేలుంటే భవనం మొత్తం కూలేది. ఆ కేసు యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకి వెళ్లింది. 2011లో తీర్పొచ్చింది. గ్యాస్ వాడటం తప్పని కోర్టు అనలేదు. చదువుకో.

అమ్మాయి: చదివే మాట్లాడుతున్నాను. ఆ గ్యాస్ ప్రమాదకరమనీ, ప్రాణాలు తియ్యగలదనీ కూడా కోర్టు అంది. ఆ తర్వాతి రక్షణ ఏర్పాట్లు సరిగ్గా లేవని రష్యాని తప్పుపట్టింది. బయటికి తెచ్చిన మనుషుల్ని చూసుకోవడానికి తగినంతమంది డాక్టర్లు లేరు, తరలింపు ఆలస్యమైంది, ఏ గ్యాస్ వదిలారో వైద్యం చేసేవాళ్లకి ముందుగా చెప్పలేదు. ఎందుకు లేవు ఆ ఏర్పాట్లు? చంపే వాయువు వదులుతున్నాం అనుకుని ఉంటే బయట అంబులెన్సులు వరసకట్టి ఉండేవి. చంపదనుకున్నారు.

(ఒకే తీర్పుని ఇద్దరూ తమకు కావలసిన సగం పట్టుకుని లాగారు. రెండు సగాలూ అందులో ఉన్నమాట వాస్తవమే. చివరి వాక్యం మాత్రం మేనకోడలి ఊహ. కోర్టు అలా అనలేదు.)

మామయ్య: నువ్వు రష్యా, ఐర్లండ్ తిరిగొస్తున్నావు. మన ఊరి మాటకి రా. నువ్వు తీసేస్తానంటున్న విశేషణం ఒకటైతే, మీ పేపర్లో రోజూ వేసేది ఇంకోటుంది.

అమ్మాయి: మారణాయుధాలు అంటావు. నేనే చెప్పబోతున్నాను. స్టేషన్ నుంచి వచ్చే ప్రతి ప్రెస్‌నోట్‌లోనూ ఉంటుంది, మారణాయుధాలతో దాడి అని. తీరా చూస్తే రెండు వెదురు కర్రలు, ఒక గడ్డపార. శిక్షాస్మృతిలో పాత 148వ సెక్షన్, ఇప్పుడు భారతీయ న్యాయసంహిత 191లో చేరింది. ప్రాణం తీసే ఆయుధంగానీ, ఆయుధంగా వాడితే ప్రాణం తీసే అవకాశమున్న వస్తువుగానీ పట్టుకుని అల్లర్లకి దిగితే నేరం. అదే వెదురు కర్ర ధర్నాకొచ్చినవాడి చేతిలో మారణాయుధం. కానిస్టేబుల్ చేతిలో లాఠీ.

మామయ్య: చట్టం ఉద్దేశం చూస్తుంది. అందుకే తేడా.

అమ్మాయి: ఆ సెక్షన్ చూసేది ఉద్దేశం కాదు మామయ్యా, వాడితే ఏమవుతుందని. జనం చేతిలో ఉన్నదాన్ని ఏమవుతుందనే కొలతతో కొలిచి, పోలీసు చేతిలో ఉన్నదాన్ని ఉద్దేశంతో కొలుస్తున్నాం. ఏదో ఒక కొలతకి కట్టుబడమను, ఇద్దరికీ అదే వాడతాను.

మామయ్య: ఇద్దరికీ ఒకటే కొలత అయితే గల్వాన్ ఏం చేస్తావు? వాస్తవాధీన రేఖకి రెండు కిలోమీటర్ల లోపల కాల్పులు వద్దని 1996లో చైనాతో ఒప్పందం రాసుకున్నాం. 2020 జూన్ 15 రాత్రి ఇరుపక్షాలూ తుపాకీ ముట్టుకోలేదు. రాళ్లు, ఇనపరాడ్లు, మేకులు కొట్టిన దుడ్డుకర్రలు. మన సూర్యాపేట కర్నల్ సంతోష్‌బాబుతో సహా ఇరవై మంది జవాన్లు పోయారు. ఏ కర్ర మీదా మారణాయుధమని రాసి లేదు. అయినా చెబుతున్నాను విను, ఆ నిబంధన మంచిదే. ఆ రాత్రి తుపాకులు పేలుంటే తెల్లారేసరికి యుద్ధం. సైనికుడు ఒక నిగ్రహానికి కట్టుబడ్డాడు. నాన్ లీథల్ అంటే నాకు ఆ నిగ్రహం.

అమ్మాయి: నిగ్రహం మనిషిది. విశేషణాన్ని కర్రకి తగిలిస్తావేం? గల్వాన్ అయిన మరుసటి ఏడాదే నోయిడాలో ఒక కంపెనీ కరెంటు షాకిచ్చే త్రిశూలం, వజ్రం తయారుచేసి నాన్ లీథల్ అని చూపించింది. టీవీలో మళ్లీ మళ్లీ వేశారు. అప్పుడది నిగ్రహం కాదు, సరుకు మీది ముద్ర. అమెరికా 2014లో ఉక్రెయిన్‌కి ఇచ్చింది నాన్ లీథల్ సాయమే. అందులో మోర్టార్ ఎక్కడి నుంచి పేలిందో పట్టే రాడార్లున్నాయి. రాడార్ చంపదు, నిజమే. ఎక్కడ కొట్టాలో చూపిస్తుంది. 2005లో నేపాల్ రాజు అధికారం గుప్పిట్లోకి తీసుకున్నాక ఆ సైన్యానికి మనం తిరిగి పంపిన సరుక్కీ ఇదే పేరు.

మామయ్య: అది రాజకీయం. నాకు తెలిసింది బందోబస్తు. మిరప ఘాటు గుండ్లు వచ్చాయిగా 2016లో, పావా అని? పెల్లెట్‌కి బదులు లక్నో విష విజ్ఞాన సంస్థలో చేసిన మందు. కళ్లు మండుతాయి, పోవు. దానికైనా నీ ఆమోదం ఉందా?

అమ్మాయి: మిరప ఘాటు సంగతి మన ఎంపీలకి తెలిసినంత ఎవరికి తెలుసు? 2014 ఫిబ్రవరి 13న తెలంగాణ బిల్లు పెట్టిన రోజు విజయవాడ ఎంపీ లగడపాటి రాజగోపాల్ లోక్‌సభలో పెప్పర్ స్ప్రే కొట్టారు. ఆత్మరక్షణకన్నారు. సభ ఖాళీ అయింది, కొందరు ఎంపీలు ఆస్పత్రికి వెళ్లారు. ఆ రోజు దేశమంతా దాన్ని దాడి అంది, ఎవ్వరూ ప్రాణాంతకం కానిది కదా అని సర్దిచెప్పలేదు. తగిలింది ఎంపీలకి కాబట్టి.

మామయ్య: అది నాకు నచ్చింది, ఒప్పుకుంటాను. మరి ఇంగ్లిష్‌లో ఇప్పుడు లెస్ లీథల్ అంటున్నారుగా, అది పెట్టుకో.

అమ్మాయి: 1990లో హవానాలో ఐక్యరాజ్యసమితి రాసిన సూత్రాల్లో నాన్ లీథల్ అనే ఉండేది. 2020లో అదే సమితి ఇచ్చిన మార్గదర్శకాలకి లెస్ లీథల్ అని పేరు పెట్టుకున్నారు. వాళ్లే మాట మార్చుకున్నారంటే చూడు. తెలుగులో తక్కువ ప్రాణాంతకం అని రాయనా?

మామయ్య: ఛీ, ప్రాణం అంతమవడంలో ఎక్కువా తక్కువా ఏంటి? పాఠకుడు నవ్విపోతాడు.

అమ్మాయి: అందుకే వస్తువు పేరు చాలన్నాను.

మామయ్య: చాలదు. మా మాన్యువల్‌లో నా మాట అలాగే ఉండాలి, అందులో తగ్గేది లేదు. పేపర్లో నీ ఇష్టం. కానీ రబ్బరు తూటా అని పేరొక్కటి మార్చేసి చేతులు దులుపుకుంటే ఒప్పుకోను. మీరు గాలిలోకి కాల్పులు అని ఎంత గొప్పగా వేస్తారో! మాకు నేర్పేదే గాలిలోకి కాల్చొద్దని. పైకెళ్లిన తూటా ఎక్కడో సంబంధం లేనివాడి మీద పడుతుంది. అది ఒక్కరోజైనా రాశారా? అలాగే ఇదీ. ఎన్ని గుండ్లు పేల్చారు, ఎంత దూరం నుంచి, నడుం పైన ఎంతమందికి తగిలింది, ఈ మూడూ వెయ్యండి.

అమ్మాయి: పోలీసు ప్రెస్‌నోట్‌లో అవి ఉండవు మామయ్యా.

మామయ్య: ఉండవు. మొదటిది స్టోరు రిజిస్టరులో దొరుకుతుంది, ఎన్ని పట్టుకెళ్లారో ఎన్ని తిరిగొచ్చాయో సంతకం పెట్టిస్తాం. మూడోది ఆస్పత్రిలో దొరుకుతుంది. రెండోది నా సర్వీసులో ఎవరూ ఎక్కడా రాయగా చూడలేదు.